వేలమునకెక్కిన రాజబాట: సింగపూరు మోటారుకార్ల కోటా

మన పల్లెలలో ఊరిచెఱువు చేపలను, కంచెలోని చింతచెట్ల కాపును ఏటేట పాట పెట్టుట పాఠకులెల్లరు ఎఱిగినదే. హెచ్చుపాట పాడినవానికి హక్కు దక్కును. పాటసొమ్ము ఊరి ఉమ్మడికి చేరును. ఇందు ఎవరికిని ఆక్షేపణ లేదు. కాని ఊరి నడుమనున్న బాటపై బండి తోలుకొను హక్కునే పాట పెట్టినచో ఏమగును? ఈ ప్రశ్న వట్టి ఊహ కాదు. సింగపూరు ప్రభుత్వమువారు 1990 మే నెలనుండి సరిగా ఈ పనినే చేయుచున్నారు. ముప్పదియైదేండ్లకు మించిన ఈ ప్రయోగమువలన ఆ నగరమునకు కలిగిన మేలెంత, కీడెంత, ఆ కీడు ఎవరి నెత్తిపై పడినది అను విషయములు నగరజీవనమును గూర్చి యోచించు వారెల్లరును విచారింపదగినవి.

ముందుగా ఆ పద్ధతిని స్థూలముగా తెలుపుదుము. సింగపూరున క్రొత్తకారు కొనదలచినవాడు మొదట ప్రభుత్వమునుండి ఒక అర్హతాపత్రమును సంపాదింపవలెను. దాని గడువు పది సంవత్సరములు. గడువు తీరినంతనే బండిని తొలగింపవలెను. లేదా గడచిన మూడునెలల పాటల సగటును చెల్లించి మఱి యైదేండ్లకో పదేండ్లకో పొడిగించుకొనవలెను. నెలకు రెండుమాఱులు వేలము జరుగును. సోమవారము మధ్యాహ్నము మొదలిడి బుధవారము సాయంకాలము నాలుగు గంటలకు ముగియును. కారుకొఱకు పాడువాడు 10,000 డాలర్లు బయానా కట్టవలెను. ఈ వ్యాసమున డాలరనగా సింగపూరు డాలరే. పత్రములు వేయి యున్నవనుకొందము. పైపాట పాడిన వేయిమందికి అవి దక్కును. అయితే ఎవరి పాటను వారు చెల్లించుట కాదు. దక్కనివారిలో అందఱికన్న పైనున్నవాని పాటకు ఒక్క డాలరు చేర్చి ఆ మొత్తమునే గెలిచినవారెల్లరు సమానముగా చెల్లింతురు. చిన్నకార్లకు, పెద్దకార్లకు, సరకుల బండ్లకు, మోటారుసైకిళ్లకు వేఱువేఱు తరగతు లున్నవి. మోటారుసైకిళ్లకు తప్ప మిగిలినవానికెల్ల వర్తించు ఉమ్మడి తరగతి మఱియొకటి గలదు.

ఇక ధరల సంగతి. 2023 అక్టోబరులో చిన్నకారు పత్రము 1,06,000 డాలర్లకును, పెద్దకారు పత్రము 1,50,001 డాలర్లకును పోయినది. మన రూపాయలలో చిన్నకారు పత్రమే అఱువది లక్షలకు పైమాట. ఆ యేడు సింగపూరున నడిమితరగతి ఉద్యోగి కుటుంబపు నెలసరి ఆదాయము 10,869 డాలర్లుగా లెక్కతేలినది. అనగా ఆ కుటుంబము తిండి, బట్ట, ఇల్లు అన్నియు మానుకొని దాదాపు పదినెలలు కూడబెట్టినగాని ఆ కాగితము చేతికి రాదు. కారు ఇంకను రానేలేదు! 2025 అక్టోబరులో చిన్నకారు పత్రము 1,28,105 డాలర్లకు ఎగబ్రాకినది.

పత్రముతో ఖర్చు తీరినదా యన్న, తీరలేదు. దిగుమతి వెలపై నూటికి 20 వంతున ఎక్సైజు సుంకము. ఆ రెండింటి మొత్తముపై 9 వంతున వస్తుసేవల పన్ను. ఇవి గాక అదనపు రిజిస్ట్రేషను రుసుము. 2023లో సవరించిన నిర్ణయము ప్రకారము ఈ రుసుము దిగుమతి వెలలో మొదటి 20,000 డాలర్లపై నూటికి నూఱు, తరువాతి 20,000పై నూటికి 140, ఆపైన ఇంకను హెచ్చు. 30,000 డాలర్ల దిగుమతి వెలగల కారును 2025 అక్టోబరున కొన్నవాని లెక్క చూతము. కారు వెల 30,000, ఎక్సైజు 6,000, వస్తుసేవల పన్ను 3,240, అదనపు రుసుము 34,000, అర్హతాపత్రము 1,28,105. వెరసి 2,01,345 డాలర్లు. వర్తకుని లాభమును, కాలుష్యమునుబట్టి చేయు హెచ్చుతగ్గులను ఇందు చేర్చలేదు. వస్తువు వెల ఒక పాలైనచో దానిని ఇంటి ముంగిట నిలుపుకొనుటకగు వెల ఆఱుపాళ్లకు మించినది. ఇందులో సగముకన్న హెచ్చు ఆ పదేండ్ల కాగితమునకే.

ఇంత కఠినమైన కట్టుబాటు ఏల కావలసివచ్చెను? ఆ దేశమంతయు కలిపి సుమారు 735 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య అఱువది లక్షలు. ఆ కొద్దిపాటి నేలలో నూటికి 12 వంతులు ఇప్పటికే రోడ్లక్రింద పోయినది. ఇండ్లకు, కర్మాగారములకు, రేవులకు, సైన్యమునకు, నీటికుంటలకు మిగిలినది పంచుకొనవలెను. కారులు పెరిగినకొలది రోడ్లు పెంచుదమన్న అచ్చట చోటు లేదు. ఈ సత్యమును ఆ ప్రభుత్వము పెందలకడనే గ్రహించినది. 1975 జూన్ 2వ తేదినుండి ఉదయపు రద్దీ వేళలలో నగర మధ్యభాగమునకు వచ్చు కారునుండి దినమునకు 3 డాలర్లు వసూలు చేయసాగిరి. రద్దీకి వెల కట్టిన ఇట్టి పద్ధతి ప్రపంచమున అదియే మొదటిది. నలుగురెక్కిన కారుకు రుసుము లేదు. 1987 నవంబరులో నగర రైలు నడువనారంభించినది. పన్నులచే మాత్రమే కార్ల సంఖ్యకు కళ్లెము పడదని తేలిన పిమ్మట 1990లో కోటా వచ్చినది. 1998 సెప్టెంబరునుండి రోడ్లపై తోరణములవంటి యంత్రములు నిలిపి, ఏ బాటపై ఏ వేళ పోయిన అంత రుసుము వానియంతట అవియే తీసికొనునట్లు చేసిరి.

ఈ క్రమమును పాఠకులు గుర్తింపవలెను. రైలు ముందు, కోటా తరువాత. ప్రజల కాళ్లకు మఱియొక త్రోవ చూపిన తరువాతనే కారు త్రోవను ఇఱుకు చేసిరి. నేడు సింగపూరు రైలుమార్గము రెండువందల కిలోమీటర్లను మించినది. మూడు కుటుంబములలో దాదాపు రెంటికి కారు లేకున్నను, పనివారు పనికి, పిల్లలు బడికి వేళకు చేరుచున్నారు. ఇరుగుపొరుగు మహానగరములు గంటలకొలది రద్దీలో నిలిచిపోవుచుండగా ఈ నగరము కదలుచున్నది. ఈ గుణమును ఒప్పుకొననివాడు న్యాయముగా మాటలాడువాడు కాడు. ప్రభుత్వపక్షపు వాదమును తేలికగా త్రోసివేయుటకు వీలులేదు: బాట ఉమ్మడి సొత్తు, దానిలో హెచ్చుభాగము ఆక్రమించువాడు ఉమ్మడికి హెచ్చు చెల్లింపవలదా? ఆ సొమ్ము ఖజానాకే చేరుచున్నది గదా?

ఈ వాదమును మేమును అంగీకరింతుము. పరిమితి న్యాయమే. అయితే పరిమితి వేఱు, పంపకము వేఱు. చెఱువులో నీరు కొద్దిగా నున్నప్పుడు వంతులు పెట్టుట ధర్మము. ఆ వంతులను హెచ్చు సొమ్మిచ్చినవానికే అమ్ముట మఱియొక సంగతి. సింగపూరు పద్ధతిలో మాకు కనబడు లోపములు మూడు. మూడును ఈ రెండవదానికి సంబంధించినవే.

మొదటిది, కఱవును కలిమియు కాలమునుబట్టి వచ్చుట. 1990లో కోటా పెట్టినప్పుడు బండ్లసంఖ్య ఏటికి నూటికి మూడు పెరుగనిచ్చిరి. 2009 పిమ్మట దానిని అంచెలంచెలుగా తగ్గించి, 2018 ఫిబ్రవరినుండి కార్లకును మోటారుసైకిళ్లకును పెరుగుదలయే లేకుండ చేసిరి. అప్పటినుండి పాతబండి తొలగినగాని క్రొత్తబండికి చోటులేదు. పాతబండ్లెన్ని తొలగును? పదేండ్లక్రింద ఎన్ని కొన్నారో దాదాపుగా అన్ని. ఆనాడు పత్రములు విరివిగా ఇచ్చియున్న నేడు విరివి. ఆనాడు బిగించియున్న నేడు బిగువు. 2008 ఆర్థికసంక్షోభమునాడు చిన్నకారు పత్రము రెండు డాలర్లకు దిగినది. 2018 చివర ముప్పదివేల డాలర్లకు లోపల దొరికినది. అయిదేండ్లు తిరుగకమున్నే లక్ష దాటినది. ఈ అయిదేండ్లలో రోడ్లు కుంచించుకొనిపోయినవా? లేదు. పదేండ్లనాటి నీడ నేటిపై పడినది. ప్రజల ఆదాయములు పెరిగినవి. ఏ సంవత్సరమున పెండ్లియై పిల్లలు పుట్టి కారు కావలసివచ్చెనో దానినిబట్టి ఒక కుటుంబము ముప్పదివేలు, మఱియొక కుటుంబము లక్షయిరువదివేలు చెల్లించుట ఏ న్యాయసూత్రమునకును అందదు. ప్రభుత్వమును ఈ లోపమును గుర్తించినది. 2023నుండి ముందుముందు తప్పక తొలగనున్న బండ్ల పత్రములలో కొన్నిటిని ముందుకు తెచ్చి కఱవునాటి పాటలలో కలుపుచున్నది. ఇది కరవునాటికి గాదె విప్పుట వంటిది; మంచిపని. కాని గాదెలోని గింజలు పెరుగవు.

రెండవది, అవసరమునకును ఆడంబరమునకును భేదము లేకపోవుట. సామాన్యునికొఱకని చిన్నకార్ల తరగతి వేఱు చేసిరి. 1,600 ఘనసెంటీమీటర్ల యింజనులోపు కారులెల్ల అందులోనివే. కాలక్రమమున విలాసకార్లు చేయువారు చిన్న యింజనులోనే పెద్దబలము పుట్టించు విద్య నేర్చిరి. ఆ బండ్లును చిన్నకార్ల పాటలో దిగెను. ధనికుడు సామాన్యునిప్రక్కన నిలిచి హెచ్చుపాట పాడసాగెను. 2014 ఫిబ్రవరినుండి యింజను బలము 97 కిలోవాట్లు మించరాదను నియమము చేర్చి ప్రభుత్వము ఆ కంతను పూడ్చవలసి వచ్చినది. వేలపుపాటలో గోడలెన్ని కట్టినను డబ్బు నీరువలె సందు వెదకుకొనునని ఇందువలన తేలుచున్నది.

అద్దెకార్ల విషయమును ఇట్టిదే. చేతిఫోనున పిలిచిన వచ్చు కార్లను నడుపు సంస్థలు, వానికి బండ్లను బాడుగకిచ్చు వర్తకులు గృహస్థులతో కలిసి అదే పాటలో పాడుదురు. దినమంతయు తిరిగి సంపాదించు బండికి పెట్టిన పెట్టుబడి తిరిగివచ్చును. తల్లిని ఆసుపత్రికి, బిడ్డను బడికి తీసికొనిపోవు బండికి రాదు. పాటలో ఎవరు నిలుతురో చెప్పనక్కఱలేదు. ఒక అద్దెకారు పదికుటుంబములకు ఉపయోగపడునను సమాధానమునను సత్యము లేకపోలేదు. కాని ఈ ఇరువురిని ఒకే తాసులో తూచుట సరియా యను ప్రశ్న నిలిచియే యున్నది. అంతకన్న శోచనీయము మోటారుసైకిలువాని స్థితి. 2022లో మోటారుసైకిలు పత్రము పండ్రెండువేల డాలర్లు దాటినది. ఇండ్లకు తిండిపొట్లములు చేరవేసి బ్రతుకువారికి అది వాహనము గాదు, పనిముట్టు. కుమ్మరి సారెకు, నేతగాని మగ్గమునకు పాట పెట్టినట్లున్నది.

అవసరమును తూచు త్రాసు ఎవరివద్ద నున్నదని ప్రభుత్వపక్షమువారు ప్రశ్నింపవచ్చును. ప్రతివాడును తన అవసరమే గొప్పదనును గదా? ఈ ప్రశ్న కష్టమైనదే గాని అసాధ్యమైనది కాదు. దానికి సాక్ష్యము సింగపూరుననే యున్నది: వృత్తికై కారు నడుపుకొనక తప్పని వికలాంగులకు పత్రము లేకయే కారు నమోదు చేసికొను ప్రత్యేకపథకమును ఆ ప్రభుత్వమే నడుపుచున్నది. ఒక అవసరమును తూచగల త్రాసు మఱియొక అవసరమును తూచలేదా?

వేలమునకు బదులు చీటీలు వేయుదమనువారు కలరు. 2011నుండి పెకింగు నగరమున అట్లే చేయుచున్నారు. షాంఘైలో వేలము, 2012నుండి గ్వాంగ్జౌ నగరమున కొంత చీటీ, కొంత వేలము. చీటీ ధనికుని పేదను సమానముగా చూచునను మాట నిజమే. కాని అది అవసరము గలవానిని, లేనివానిని సహితము సమానముగానే చూచును. కారు అక్కఱలేనివాడును అదృష్టము పరీక్షించుకొనును. అక్కఱ గలవాడు ఏండ్లకొలది కాచుకొనును. వేలము ధనమునకు గ్రుడ్డిగా మ్రొక్కును. చీటీ దైవమునకు గ్రుడ్డిగా మ్రొక్కును. రెండింటికిని కన్నులు లేవు.

మూడవ లోపము అన్నిటికన్న ముఖ్యము. పత్రపు వెల బండిని కలిగియుండుటకే గాని త్రిప్పుటకు గాదు. 1,28,105 డాలర్లను పదేండ్ల దినములపై పంచిచూడుడు: బండి కదలినను, కొట్టములో నిలిచినను దినమునకు 35 డాలర్లు. అంత చెల్లించినవాడు బండిని ఇంట నిలుపునా? పెట్టిన సొమ్మును రాబట్టుకొనుటకై హెచ్చుగా త్రిప్పుననుట సహజము. సంత గుత్త పాడినవాడు ఒక్క దినమును వదలడు గదా! ఆదివారమునాడు ఒక్కమాఱు వృద్ధులను చూడబోవువాడును, ప్రతిదినము రద్దీవేళ నడివీధిలో తిరుగువాడును ఒకే పత్రమునకు ఒకే సొమ్ము చెల్లించుచున్నారు. బాటకు బరువైనది బండి ఉనికి కాదు, బండి నడక. వెల నడకపై నుండవలెను.

ఈ సత్యమును సింగపూరు ప్రభుత్వము ఎఱుగనిది కాదు. 2023 నవంబరునుండి ఉపగ్రహముల సాయమున బండి ఎచ్చట, ఎప్పుడు తిరిగెనో తెలిసికొనగల క్రొత్తయంత్రములను బండ్లలో అమర్పనారంభించినది. వానివలన రద్దీని మఱింత సూక్ష్మముగా అదుపు చేయవచ్చునను నమ్మకముతోనే 2025 ఫిబ్రవరినుండి కొన్ని సంవత్సరములలో 20,000 వఱకు అదనపు పత్రములు విడుదల చేయుదుమని 2024 అక్టోబరులో ప్రకటించినది. ఇది సరియైన దిక్కున వేసిన అడుగు. అయినను 2025 అక్టోబరు పాట చూచితిమి గదా. ఒక అడుగు చాలదు. ఉనికిపై భారము తగ్గుచు నడకపై భారము పెరుగవలెను. జీవనోపాధికి నడుపు బండ్లను గృహస్థుల పాటనుండి వేఱుచేయవలెను. బండి తిరిగిన త్రోవలెల్ల ప్రభుత్వమునకు తెలియుట స్వేచ్ఛాప్రియులకు రుచింపదు. కావున ఆ వివరములు రద్దీరుసుముకు తప్ప మఱి దేనికిని వాడకుండ చట్టపు కంచె నాటవలెను.

ఈ విచారణ మనకేల యని కొందఱు పాఠకు లనవచ్చును. మన తెలుగువారు వేలకొలదిగ ఆ నగరమున నివసించుచున్నారు. వారికిని ఈ లెక్కలే వర్తించును. అదియు గాక సింగపూరు పేరు మన రాజకీయభాషలో చేరి చాలకాలమైనది. ఆంధ్రప్రదేశ రాజధాని అమరావతికి నిర్మాణ ప్రణాళికలు గీసినవి సింగపూరు సంస్థలే. 2015లో అవి మన ప్రభుత్వమునకు అందినవి. ఎత్తైన మేడలు, విశాలమైన వీధులు చూచి సింగపూరువలె కావలెనని మనవారు ముచ్చటపడుదురు. ఆ మేడల వెనుకనున్న క్రమశిక్షణను, ఆ వీధుల వెనుకనున్న వెలను గూర్చి మాటలాడువారు అరుదు.

మన నగరములలో కార్లసంఖ్యకు హద్దు లేదు. కారు కొన్ననాడు ఒక్కమాఱు జీవితకాలపు పన్ను కట్టినచో చాలును; ఆపైన ఎంత తిరిగినను, ఏ వీధిలో నిలిపినను అడుగువాడు లేడు. హైదరాబాదున 2017 నవంబరులో మెట్రోరైలు మొదలై, 2020 నాటికి 69 కిలోమీటర్లు నడిచినది. మంచిదే, కాని ఆ నగరపు విస్తీర్ణమునకును జనమునకును అది ఆరంభము మాత్రమే. ఇట్టి స్థితిలో సింగపూరు కోటాను మాత్రము తెచ్చి నెత్తిన పెట్టుకొన్నచో రైలులేనివాడు, బస్సు అందనివాడు నలిగిపోవును. బాటయంతయు ధనికుని కగును. కోటా లేకుండ ఇట్లే సాగినచో బాటయంతయు ఎవ్వరికిని కాకపోవును. మనము సింగపూరునుండి నేర్వదగినది వేలము కాదు, క్రమము: మొదట నమ్మదగిన బస్సు, రైలు, తరువాత బాటను వాడుకొన్నంత రుసుము, ఆ రుసుము తిరిగి బస్సులకు, రైళ్లకే వినియోగము, ఇవన్నియు చాలనినాడు పరిమితి.

పరిమితమైన వస్తువును పంచుట రాజ్యధర్మములలో కష్టమైనది. సింగపూరు ప్రభుత్వము ఆ కష్టమునుండి తప్పించుకొనక, బాటకు హద్దు గలదని ప్రజలకు ముఖముమీద చెప్పినది. అందుకు దానిని మెచ్చుకొనవలెను. కాని హద్దు గీచిన చేతియే హద్దులోపలికి ఎవరు రావలెనో నిర్ణయించు భారమును పాటదారు చేతికి అప్పగించినది. ఊరిచెఱువు చేపలు పాడుకొన్నవానివి కావచ్చును. చెఱువు నీరు మాత్రము ఊరందఱిది. బాటయును అట్టిదే.